పాత డ్రోనును మూడు బ్యాటరీలును

(ఒక పదవ తరగతి విద్యార్థి)

ఒకరు వాడిన వస్తువును మఱియొకరు కొనుట మన యూళ్లలో క్రొత్త యాచారము గాదు. మన పాఠశాలలో నెందఱో బాలురు పైతరగతివారి పుస్తకములను సగము వెలకు గొని చదువుకొనుచున్నారు. అన్న త్రొక్కిన సైకిలు తమ్మునకు వచ్చును. అక్క వాడిన కుట్టుమిషను చెల్లెలికి వచ్చును. ఇట్టి వస్తువులు తమ వయస్సును దాచుకొనజాలవు. పుస్తకమైనచో అట్ట చినుగును, అంచులు నలుగును. సైకిలైనచో చైను వదులగును, బ్రేకు రబ్బరులు అరుగును. కన్నులున్నవాడెవడైనను చూచి, బేరమాడి, తగిన వెల యిచ్చి తెచ్చుకొనవచ్చును. కాని తన గతమును లోపలనే దాచుకొను వస్తువొకటి యీ కాలమున మన యిండ్లన్నిటను చేరినది. అది బ్యాటరీ. అది యెన్నిమారులు నిండినదో, ఎన్నిమారులు అడుగంటినదో, ఎంతకాలము మూలబడియున్నదో, దానిని చూచినమాత్రమున తెలియదు. ఈ సంగతిని మేము నలుగురు సహపాఠులము ఒక పాత డ్రోనును గొనినప్పుడు తెలిసికొంటిమి. ఆ వృత్తాంతమును చదువరులకు మనవి చేయుచున్నాను.

గత సంక్రాంతి సెలవులలో మా నలుగురకును ఒక కోరిక పుట్టెను. ఫిబ్రవరి మాసమున జరుగు మన పాఠశాల క్రీడోత్సవమును ఆకాశమునుండి చిత్రము తీయవలెననునదియే ఆ కోరిక. క్రొత్త డ్రోనును గొనుటకు మాయొద్ద ధనము లేదు. పొరుగూర పెండ్లిండ్లకు ఫొటోలు తీయు నొకరు తమ చిన్న డ్రోనును అమ్మజూపుచున్నారని విని పోయి చూచితిమి. వారు 4,800 రూపాయలు చెప్పిరి. తలకు 1,200 రూపాయలు వేసికొంటిమి. నా వంతు మా నాయనమ్మ పండుగలకు ఇచ్చిన సొమ్ము. బియ్యపు కొట్టువారి అబ్బాయి తన హుండీని పగులగొట్టెను. మా తరగతి నాయకుడు వ్యాసరచనకు వచ్చిన బహుమతి సొమ్మునకు మఱికొంత చేర్చి తెచ్చెను. నాలుగవవాడు దర్జీగారి కుమారుడు. అతడు దసరా సెలవులన్నియు తండ్రి దుకాణములో కాజాలు కుట్టి, గుండీలు వేసి కూడబెట్టిన ద్రవ్యమును రుమాలులో మూటగట్టి తెచ్చెను. ఆ రుమాలు విప్పునప్పుడు అతని చేతులెంత నెమ్మదిగ కదలినవో నాకిప్పటికిని జ్ఞాపకమున్నది.

మా డ్రోను మిక్కిలి చిన్నది. దాని బరువు 250 గ్రాములకు లోబడినది. మన దేశమున 2021 సంవత్సరపు డ్రోను నియమముల ప్రకారము 250 గ్రాములు మించనివానిని నానో తరగతిలో చేర్చుదురు. దానికి నాలుగు రెక్కలు, కడుపు క్రింద నొక చిన్న కెమెరా కలవు. దానితోపాటు చేతిలో పట్టుకొని నడుపు కంట్రోలరు ఒకటి, బ్యాటరీలు మూడు, చార్జరు ఒకటి, వీనినన్నిటిని పెట్టుకొను సంచి యొకటి వచ్చినవి. సూచనల పుస్తకము మాత్రము లేదు. “మూడు బ్యాటరీలును బాగున్నవి. చార్జి పెట్టుకొని ఎగురవేసికొనుడు” అని అమ్మినవారు చెప్పిరి. మేము సంతోషముతో ఇల్లు చేరితిమి.

ఆ సాయంకాలమే మూడు బ్యాటరీలను వరుసగా చార్జి చేయవలెనని అందఱకును ఆత్రము కలిగెను. మా నాయనగారు వారించిరి. “ఒకరింటిలో పెరిగిన పశువును గొని తెచ్చినప్పుడు మొదట దాని పండ్లు చూతుము, కాడి తరువాత” అని చెప్పి, మమ్ములను మా వీధి చివరనున్న బ్యాటరీ దుకాణమునకు పంపిరి. ఆ దుకాణపు యజమాని లారీలకును ఆటోలకును వాడు సీసపు బ్యాటరీలను దాదాపు 50 సంవత్సరములుగ చార్జి చేయుచున్న వృద్ధుడు. వీధిలోని పిల్లలమందఱము ఆయనను బ్యాటరీ తాతగారని పిలుతుము.

తాతగారు మా బ్యాటరీలలో నొకదానిని అరచేతిలో పెట్టుకొని ఇటు నటు త్రిప్పి చూచిరి. తరువాత తమ దుకాణములోని లారీ బ్యాటరీ యొకదాని మూతలు విప్పి, రబ్బరు బుడ్డిగల గాజు గొట్టముతో లోపలి ద్రావకమును పీల్చి మాకు చూపిరి. గొట్టములోని చిన్న తేలుడుబుడ్డి ఎంత పైకి తేలిన బ్యాటరీ అంత నిండియున్నట్లు. నిండినప్పుడు ద్రావకపు సాంద్రత 1.28 కు సమీపముగ నుండును. ఖాళీ యగుకొలది తగ్గును. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే 1859 సంవత్సరమున ఈ సీసపు బ్యాటరీని కనిపెట్టెను. నాటినుండి నేటివరకు దాని స్వభావము పెద్దగా మారలేదు. “ఇది నోరు తెరచి తన సంగతి చెప్పుచున్నది. మీరు తెచ్చినది మూతి కుట్టిన మూట. దీనిని మీటరుతోనే పలుకరింపవలెను” అని తాతగారనిరి. దర్జీగారి అబ్బాయి నవ్వెను. కుట్టు సంగతి వచ్చినప్పుడెల్ల మేము అతనివంక చూచుట అలవాటు.

ఇచట బ్యాటరీ నిర్మాణమును కొంచెము వివరింపవలెను. మా బ్యాటరీలు లిథియం పాలిమరు జాతివి. వీనికి ఇనుప డబ్బా యుండదు. పలుచని వెండిరంగు రేకుసంచి మాత్రముండును. అందుచేతనే తేలికయై ఎగురు యంత్రములకు పనికివచ్చును. అందుచేతనే సులభముగ దెబ్బతినును. ప్రతి బ్యాటరీకిని రెండు తోకలు గలవు. ఒకటి డ్రోనునకు శక్తినిచ్చు లావు తీగెల తోక. రెండవది మూడు సన్నని తీగెలును తెల్లని చిన్న ప్లగ్గును గలది. లోపల రెండు సెల్లులు వరుసగా కూర్పబడియున్నవి. ఒక్కొక్క సెల్లు పేరునకు 3.7 వోల్టులది గనుక రెండును గలసి 7.4 వోల్టులు. నిండినప్పుడు ఒక్కొక్కటి 4.2 వోల్టులకు చేరును, అంతకు మించరాదు. 3 వోల్టులకు దిగువకు పడరాదు. ఈ రెండు గట్టుల నడుమనే దాని జీవితమంతయు గడువవలెను. తెల్లని ప్లగ్గులోని మూడు తీగెలు ఆ రెండు సెల్లులను వేర్వేరుగ పరీక్షించుటకును, చార్జి చేయునప్పుడు రెండింటిని సమముగ నింపుటకును ఉపయోగపడును. మొదటి తీగెకును నడిమి తీగెకును మీటరు పెట్టిన ఒక సెల్లు సంగతియు, నడిమి తీగెకును చివరి తీగెకును పెట్టిన రెండవదాని సంగతియు తెలియును.

తాతగారు మీటరు పెట్టుచుండగా నేను వ్రాసికొంటిని. మొదటి బ్యాటరీ 3.81, 3.80 వోల్టులు. రెండవ బ్యాటరీ 3.72, 3.70 వోల్టులు. ఇవి రెండును చదునుగ నుండెను. మూడవదానిని సంచినుండి తీయగనే దాని ప్రక్కలు పూరీవలె పొంగియుండుట కనబడెను. అమ్మినవారి యింట చీకటి గదిలో, సంచిలోని అరలో నున్నదానిని మేము లెక్కించితిమేగాని దాని యాకారము అచట తెలియలేదు. మీటరు పెట్టగా ఒక సెల్లు 3.52 చూపెను, రెండవది 1.10 మాత్రమే చూపెను. తాతగారు దానిని వెంటనే దుకాణము వెలుపల ఇసుకగుట్టమీద పెట్టి వచ్చి చేతులు దులుపుకొనిరి. “అది చచ్చిన పాము గాదు నాయనా, పండుకొనిన పాము. దానికి పాలు పోయకుడు” అనిరి.

మఱునాడు మా సైన్సు మాష్టారుగారిని కలిసి కారణమడిగితిమి. సెల్లు 3 వోల్టులకు మిక్కిలి దిగువకు పడియున్నప్పుడు లోపలి రాగిరేకు కొంచెము కొంచెముగ కరగుననియు, మరల చార్జి పెట్టినప్పుడు ఆ రాగి ఉండరానిచోట పేరుకొని లోలోపలనే రెండు ధ్రువములను కలుపవచ్చుననియు వారు బోధించిరి. పొంగుటకు కారణము లోపలి ద్రవము చెడి వాయువగుట. ఆ ద్రవము మండు స్వభావము గలది. మా బ్యాటరీ 1,500 మిల్లీ ఆంపియరు గంటలది గనుక దానిలో పట్టు శక్తి సుమారు 11 వాట్ గంటలు. అది 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపమును గంటకు పైగా వెలిగింపగలదు. ఒక్క యూనిట్ కరెంటుతో, కొంత వృథాయైనను, సుమారు 60 మారులు నింపవచ్చును. వినుటకు స్వల్పమే. అయినను గంటసేపు దీపముగ వెలుగవలసిన శక్తి కొన్ని క్షణములలో బయటపడినప్పుడు దానిని దీపమని యెవ్వరును పిలువరు.

మాష్టారుగారు మఱియొక సంగతియు చెప్పిరి. 2019 సంవత్సరమున రసాయనశాస్త్రమునకు నోబెలు బహుమానము లిథియం బ్యాటరీలకై కృషిచేసిన జాన్ గుడెనఫ్, స్టాన్లీ విట్టింగ్‌హామ్, అకీరా యోషినో అను మువ్వురకు లభించినది. అప్పటికి గుడెనఫ్ వయస్సు 97 సంవత్సరములు; అంత వయస్సున నోబెలు బహుమానము పొందినవారు అంతకు ముందెవ్వరును లేరు. విట్టింగ్‌హామ్ 1970 తరువాతి సంవత్సరములలో లిథియం లోహముతో బ్యాటరీలు చేయుచున్నప్పుడు ప్రయోగశాలలో పలుమారులు మంటలు లేచి, వానినార్పుటకు అగ్నిమాపక దళమువారు రావలసివచ్చెను. గుడెనఫ్ 1980 లో కోబాల్టు ఆక్సైడును ప్రవేశపెట్టి బ్యాటరీ వోల్టేజిని పెంచెను. యోషినో 1985 లో లోహపు లిథియమునకు బదులు కార్బను పదార్థమును వాడి అపాయమును తగ్గించెను. ఆయన తన బ్యాటరీపై పెద్ద ఇనుపముక్కను పడవేసి పరీక్షింపగా ఏమియు జరుగలేదు. లోహపు లిథియము గల బ్యాటరీపై పడవేయగా అది భయంకరముగ ప్రేలెను. 1991 లో ఇట్టి బ్యాటరీలు మొదటిసారి అంగళ్లకు వచ్చినవి. “దానిని కనిపెట్టినవారే దానికి భయపడి పరీక్షించిరి. వాడువారికి ఆ మాత్రము భయముండుట అవమానము గాదు” అని మాష్టారుగారనిరి.

ఇక మంచివగు రెండు బ్యాటరీలను, కంట్రోలరును చార్జి చేసిన విధము చెప్పెదను. మొదట చార్జరునే పరీక్షించితిమి. దాని తీగె ప్లగ్గునొద్ద నలిగి లోని రాగి కనబడుచుండెను. తాతగారు ఆ తీగెను తీసివేసి క్రొత్తది వేసిరి. తరువాత కంట్రోలరు వంతు వచ్చెను. ఎగురవేయు నాటికి మొదట నిండవలసినది కంట్రోలరే గాని డ్రోను గాదు. డ్రోను బ్యాటరీ తగ్గినచో అది క్రిందికి దిగుట మన కంటికి కనబడును. గాలిలో డ్రోనుండగా కంట్రోలరు ఆరిపోయినచో ఆజ్ఞ యిచ్చువాడే మూర్ఛపోయినట్లు. ఈ కారణముచేతనే మీట వేయునప్పుడు కంట్రోలరును ముందు వేయవలెను. ఆర్పునప్పుడు దానిని కడపట ఆర్పవలెను.

మా కంట్రోలరులో లిథియం సెల్లు లోపలనే బిగింపబడియున్నది. దానిని సెల్‌ఫోను చార్జరుతో 5 వోల్టుల కరెంటు పెట్టి నింపవచ్చును. తీగె గ్రుచ్చు రంధ్రములో సంచి నూలు పోగులు చేరియుండెను. మీట ఆర్పియుంచి, ఎండిన వేపపుల్లను సన్నగ చెక్కి ఆ పోగులను మెల్లగ తీసివేసితిమి. చార్జి పెట్టగా కొద్దిసేపటికే నాలుగు దీపములును వెలిగి నిండినట్లు చూపెను. మా తరగతి నాయకుడు సంతోషించెను, తాతగారు సంతోషింపలేదు. ముసలి సెల్లు చిన్న చెంబువంటిది. త్వరగా నిండును, త్వరగా ఖాళీయగును. కావున దీపములను నమ్మక కాలమును కొలువుమనిరి. మేము కంట్రోలరు మీట వేసి, డ్రోను జోలికి పోక, బల్లపై నుంచి గడియారము చూచుచు కూర్చుంటిమి. అది 1 గంట 50 నిమిషములు పనిచేసెను. మాకు కావలసినది అరగంటయే. అట్లు పరీక్షించిన పిమ్మటనే దానిని నమ్మితిమి.

బ్యాటరీలను చార్జి చేయుటకు మా యింటి వెనుక వసారాను ఏర్పఱచితిమి. సిమెంటు నేలమీద వెడల్పైన మట్టి మూకుడు నుంచి, దానిలో బ్యాటరీని పెట్టి, ప్రక్కన పొడి యిసుక బొక్కెన నుంచితిమి. చాపలు, దుప్పట్లు, కాగితములు దూరముగ తీసివేసితిమి. ఎండవేళ చార్జి చేయలేదు. ఇట్టి బ్యాటరీలకు 40 డిగ్రీలు మించిన వేడిమి పడదు. మన జిల్లాలలో వేసవి మధ్యాహ్నములు ఆ హద్దును దాటుట అందఱకును తెలిసినదే. కావున ప్రాతఃకాలమే తగిన వేళ. తెల్లని ప్లగ్గును చార్జరులో గ్రుచ్చగా రెండు సెల్లులకు రెండు ఎఱ్ఱని దీపములు వెలిగినవి. ఉదయము 6 గంటల 10 నిమిషములకు పెట్టిన మొదటి బ్యాటరీ 7 గంటల 40 నిమిషములకు నిండి దీపములు పచ్చబడెను. మీటరు 4.19, 4.19 చూపెను. గంట సేపు ఊరకుంచి మరల చూచినను ఆ యంకెలు నిలిచియే యున్నవి. అట్లు నిలుచుట ఆరోగ్యమునకు గుర్తు.

ఆ గంటన్నర కాలము ఎవరో యొకరు ప్రక్కన కూర్చుండవలెనని నియమము చేసికొంటిమి. బియ్యపు కొట్టువారి అబ్బాయికి ఇది విసుగు కలిగించెను. “రాత్రి పెట్టి పడుకొనిన ప్రొద్దునకు నిండియుండును గదా?” అని అతడడిగెను. అప్పుడు వసారాలో బియ్యమేరుచున్న మా అమ్మ తల యెత్తి, “పాలు పొయ్యిమీద పెట్టి పడుకొందువా నాయనా?” అని యడిగెను. అతడు మరల ఆ మాట యెత్తలేదు.

ఇంతవరకు వచ్చిన చిక్కులన్నియు తేలికగనే తీరినవి. అసలు చిక్కు మూడవ బ్యాటరీవలన కలిగెను. మేము అమ్మినవారికి ఫోను చేసి సంగతి చెప్పితిమి. వారు కోపపడలేదు. తామును ఆ డ్రోనును మఱియొకరియొద్ద కొనిరనియు, ఆ మూడవ బ్యాటరీ అనేక మాసములు సంచిలోనే పడియున్నదనియు, తామెన్నడును దానిని వాడలేదనియు చెప్పిరి. ఖాళీయైన బ్యాటరీని అట్లే మాసములకొలది పడవేసినచో దానంతట నది మఱింత దిగజారును. దానికి వచ్చిన రోగమిదియే. వారు సొమ్ము తిరిగి యీయలేదు. అబద్ధమాడిరనుటకును వీలులేదు. తెలియని సంగతిని తెలిసినట్లు బాగున్నదని చెప్పిరి, అంతియే. క్రొత్త బ్యాటరీ వెల 900 రూపాయలని విచారింపగా తెలిసెను.

రెండు దినములకు దర్జీగారి అబ్బాయి యొక వార్త తెచ్చెను. వేఱొక యూరి కాలేజీ విద్యార్థి యొకడు ఇట్టి బ్యాటరీకై వెదకుచున్నాడట. 500 రూపాయలిచ్చుటకు సిద్ధముగ నున్నాడట. పొంగినదానిని కొంచెము అదిమి టేపు చుట్టినచో తెలియదట. “ఆ 500 లకు మఱి 400 చేర్చిన మనకు క్రొత్తది వచ్చును” అని అతడనెను. నేను వలదంటిని. అతడు నాతో ఇట్లనెను: “మనకెవరైన చెప్పినారా? మనమెందుకు చెప్పవలెను?”

ఆ ప్రశ్నకు నాయొద్ద వెంటనే ప్రత్యుత్తరము లేకపోయెను. నా 1,200 లు నాయనమ్మ యిచ్చినవి. అతని 1,200 లు వ్రేళ్లకు సూది గ్రుచ్చుకొని సంపాదించినవి. నష్టము నలుగురకును సమానమే యైనను బాధ సమానము గాదు. నీతివాక్యములు చెప్పుటకు నాకు నోరు రాలేదు. నలుగురము తాతగారియొద్దకు పోతిమి. ఆయన అంతయు విని, అమ్మవచ్చుననిగాని అమ్మరాదనిగాని చెప్పలేదు. “కొనువాడు దానిని ఎచట పెట్టి చార్జి చేయును?” అని మాత్రమడిగిరి. మాకు తెలియదంటిమి. “వానికి మట్టి మూకుడు లేదనుకొందము. మీ యింటనైన ఎచట పెట్టెడివాడవు?” అని దర్జీగారి అబ్బాయిని మరల నడిగిరి.

అతని యిల్లును దుకాణమును ఒక్కటే గది. పగలు మిషను, రాత్రి పడక. నాలుగు గోడల వెంట కుట్టవలసిన గుడ్డలు, కుట్టిన గుడ్డలు దొంతరలుగ నుండును. గోడకున్న ఒక్క ప్లగ్గు ఆ దొంతరల నడుమనే యున్నది. అతడు కొంతసేపు నేలవంక చూచుచు నిలిచి, “గుడ్డల మీదనే పెట్టెడివాడను, తాతగారూ” అనెను. తరువాత ఫోను తీసి, అమ్ముటకు బ్యాటరీ లేదని ఆ విద్యార్థికి తానే తెలియజేసెను. అతని వంతు నష్టమును మేము మువ్వురము భరింతుమని చెప్పగా ఒప్పుకొనలేదు. “నలుగురి బ్యాటరీ, నలుగురి నష్టము” అనెను.

మూడవ బ్యాటరీని తాతగారు తామే సాగనంపిరి. దుకాణము వెనుక ఖాళీ స్థలములో ఇసుకమీద దానినుంచి, మమ్ములను దూరముగ నిలువబెట్టి, దాని లావు తీగెలకు 12 వోల్టుల చిన్న బల్బు నొకదానిని తగిలించిరి. బల్బు మిక్కిలి మందముగ వెలిగి, క్రమముగ ఎఱ్ఱబారి ఆరిపోయెను. దాని నట్లే మఱునాటివరకు ఉంచి, రెండు తీగెల కొనలను విడివిడిగ టేపుతో చుట్టి, పట్టణములోని పాత ఎలక్ట్రానిక్ సామానులు సేకరించు కేంద్రమునకు మా నాయనగారితో పోయి అప్పగించితిమి. 2022 సంవత్సరపు బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము వాడిన బ్యాటరీలను ఇతర చెత్తతో కలుపక వేఱుగ అప్పగించుట వాడుకదారుని విధి. చెత్తబండిలో వేసినచో అది బండిలో నలిగి మంట పుట్టవచ్చును. ఆ బండిని త్రోయువారు మనవంటి మనుష్యులే.

క్రీడోత్సవము నాటికి మాకు రెండు బ్యాటరీలు మిగిలినవి. ఒక్కొక్కదానితో 10 నిమిషములు ఎగురవేయవచ్చును గాని, అడుగంటనీయక 8 నిమిషములకే దింపవలెనని నిర్ణయించితిమి. అనగా మొత్తము 16 నిమిషములు. ప్రధానోపాధ్యాయులవారి అనుమతితో, డ్రిల్లు మాష్టారుగారి ఎదుట, జనుల తలలమీదుగ గాక మైదానపు అంచు వెంట ఎగురవేసితిమి. కవాతునకు ఒక బ్యాటరీ, పెద్దబాలికల రిలే పందెమునకు ఒక బ్యాటరీ సరిపోయినవి. చిన్నతరగతుల కప్పగంతుల పందెమును తీయలేకపోతిమి. ఆ చిన్నవాండ్రు మా చుట్టును మూగి తమ పందెమునెందుకు తీయలేదని అడిగిరి. మూడవ బ్యాటరీ యున్నచో తీసియుందుము. దర్జీగారి అబ్బాయి వారిని కూర్చుండబెట్టి, చెడిన బ్యాటరీ కథను ఓపికతో చెప్పెను. దించిన బ్యాటరీలు వెచ్చగ నుండెను గనుక వెంటనే చార్జి పెట్టక చల్లారనిచ్చితిమి. రిలే పందెమున మన పాఠశాల బాలికలు చేతికఱ్ఱను అందించుకొను దృశ్యము పైనుండి ఎంతో చక్కగ వచ్చినది. దానిని సభామందిరమున ప్రదర్శించినప్పుడు చూచినవారికి ఆ సంగతి తెలిసియే యుండును.

ఇప్పుడు బ్యాటరీలు విశ్రాంతిలో నున్నవి. ఇచట తాతగారికే యొక క్రొత్త సంగతి తెలిసెను. సీసపు బ్యాటరీని దాచునప్పుడు నిండుగ నుంచవలెను. ఖాళీగ నుంచినచో చెడును. లిథియం బ్యాటరీని నిండుగను ఉంచరాదు, ఖాళీగను ఉంచరాదు. ఒక్కొక్క సెల్లు 3.8 వోల్టుల దగ్గఱ, అనగా ఇంచుమించు సగము నిండియుండునట్లు దాచవలెను. సైన్సు మాష్టారుగారు ఈ భేదమును చెప్పగా తాతగారు విని, “50 ఏండ్లు నింపి దాచుటయే నేర్చితిని, సగము దాచుట ఇప్పుడు నేర్చితిని” అని నవ్విరి. వాడుకలో లేనప్పుడు నెలకొకమారు మీటరు పెట్టి చూచుచున్నాము.

మేము ఒక నోటుపుస్తకమును పెట్టితిమి. దానిలో బ్యాటరీకొక పుట కేటాయించి, చార్జి చేసిన తేదీ, ముందును వెనుకను ఒక్కొక్క సెల్లు వోల్టులు, ఎగిరిన నిమిషములు, కంట్రోలరు పనిచేసిన కాలము వ్రాయుచున్నాము. మూడవ బ్యాటరీకిని ఒక పుట కలదు. అది యెట్లు పొంగినదో, ఏ తేదీన ఎవరికి అప్పగించితిమో దానిలో నున్నది. ఆ పుటను దర్జీగారి అబ్బాయి తన చక్కని చేవ్రాతతో నింపెను. మేము ఈ సంవత్సరముతో పాఠశాల విడిచిపోవుదుము. డ్రోనును తొమ్మిదవ తరగతివారు అడుగుచున్నారు. ఎంత వెలకు ఇచ్చెదమో ఇంకను నిర్ణయింపలేదు గాని, పుస్తకము లేకుండ డ్రోనును ఈయరాదని మాత్రము నలుగురమును నిశ్చయించుకొంటిమి. బ్యాటరీకి నోరు లేదు. దాని గతమును చెప్పవలసినవారు దానిని వాడినవారే.

సోదర విద్యార్థులారా! మీలో ననేకుల యిండ్ల పాత సెల్‌ఫోనులు, పాత చేతిదీపములు, పాత ఆటబొమ్మలు కలవు. వానినెవరికైన ఇచ్చునప్పుడు బాగున్నదని చెప్పుటకు ముందు ఒక్కమారు మీటరు పెట్టించి చూడుడు; ఒక్క కాగితముపై మీకు తెలిసినంత వ్రాసి జతచేయుడు. పుచ్చుకొనువాడు దానిని ఏ గుడ్డల నడుమ పెట్టి చార్జి చేయునో మనకు తెలియదు గదా.